శ్రీమతి దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ – ఆడపిల్లల పై చదువులు

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు ఆడపిల్లల చదువు గురించి ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. లెక్కలూ పట్టికలూ వ్రాసేకంటే ఒక మహనీయురాలి జీవితం వ్రాస్తే మన ఇళ్లలో పెద్దలతోపాటు మనవలూ మనవరాళ్లూ కూడా చదువుతారని నాకు తోచింది. ఏన్కూరు ప్రాంతంలో ఉపాధ్యాయినిగా పనిచేసిన రోజుల్లో, ఫలానా అమ్మాయి బడి ఎందుకు మానేసింది, పదో తరగతి పాసయి కూడా కాలేజీలో ఎందుకు చేరలేదు అన్న ప్రశ్న నాకు ప్రతి జూన్ నెలలో ఎదురయ్యేది. పైకి పంపే కాగితంలో కారణం అని ఒక గడి ఉండేది. తల్లిదండ్రుల అశ్రద్ధ అని ఆ గడి నింపడం అన్ని చోట్లా రివాజు. శ్రీమతి దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ గారి జీవితం తెలిసినవారికి ఆ రెండు మాటలు వ్రాయడానికి చేయి రాదు.

ఆమె 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి బెన్నూరి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. బాల్యం ఎక్కువగా కాకినాడలో గడిచింది. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం రావడానికి అప్పటికి ఇంకా పన్నెండేళ్లు ఉంది. 1929లో వచ్చిన ఆ చట్టం కూడా ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండితే చాలన్నది. ఊహ తెలిసిన తర్వాత దుర్గాబాయమ్మ గారు ఆ పెళ్లిని కాపురం దాకా వెళ్లనివ్వలేదు. తన దారి వేరని భర్త సుబ్బారావు గారికి స్వయంగా చెప్పి, ఆయనను మరొకరిని పెళ్లి చేసుకోమన్నారు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ల ప్రాయం. తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలిచారు. ఇది చిన్న సంగతి కాదు. అత్తవారింటికి పంపవలసిన పిల్లను ఇంట్లో ఉంచుకొన్న తల్లిదండ్రులను ఊరు ఏమంటుందో మనకు తెలియంది కాదు.

అంతకుముందే, పన్నెండేళ్ల వయసులో, ఆమె బడి మానేశారు. ఇంట్లో గడవక కాదు, పెద్దలు వద్దనీ కాదు. బడిలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టడం నచ్చక మానేశారు. మన రిజిస్టర్ల భాషలో చెప్పాలంటే ఆమె ఒక డ్రాపవుట్. పిల్లకూ బడికీ మధ్య భాష అడ్డుగోడ అవుతుందని పట్నంలో ఉన్నవారికి అంత త్వరగా తట్టదు. మన అడవి అంచున ఉన్నవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల, తండాలో లంబాడీ మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు వాచకం ముందు కూర్చొన్నప్పుడు ఆ పిల్ల ముఖం చూస్తే చాలు. అక్కడ మొదలైన తడబాటే పదేళ్ల తర్వాత కాలేజీ గుమ్మం దగ్గర బయటపడుతుంది. మనం మాత్రం కాలేజీ గుమ్మం దగ్గరే కారణం వెదుకుతాం.

బడి మానిన పిల్ల ఊరుకోలేదు. హిందీ నేర్చుకొని, చిన్న వయసులోనే బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. ఇరుగుపొరుగు ఇళ్ల స్త్రీలు వచ్చి నేర్చుకొన్నారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ప్రదర్శనశాల గుమ్మం దగ్గర కార్యకర్తగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారినే లోపలికి పోనివ్వని కథ పాఠ్యపుస్తకాల వల్ల మన పిల్లలందరికీ తెలుసు గనుక ఇక్కడ మళ్లీ చెప్పను. దుర్గాబాయమ్మ అనగానే ఆ టిక్కెట్టు కథ ఒక్కటే చెప్పి వదిలేయడం నాకు ఎప్పుడూ వెలితిగా ఉండేది.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో పాల్గొని అరెస్టయ్యారు. 1930కి, 1933కి మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. వెల్లూరు, మదుర జైళ్లలో ఉన్నారు. మదురలో ఒంటరి కొట్టులో ఉంచడం వల్ల ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. అక్కడే ఆమెకు మరొక లోకం కనిపించింది. అక్షరం రాక, తమపై మోపిన నేరమేమిటో కూడా తెలియక, కోర్టులో ఏమి ఒప్పుకొన్నారో ఎరుగక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్లు ఆ జైళ్లలో ఉండేవారు. వాళ్ల కోసం న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం ఆమెకు అక్కడే కలిగింది. ఒకప్పుడు వద్దని బడి మానిన ఆ ఇంగ్లీషునే జైల్లో పట్టుబట్టి నేర్చుకొన్నారు. బలవంతంగా నెత్తిన పెట్టినప్పుడు తోసేసిన భాషను, తనకు పని ఉందని తెలిసినప్పుడు తానే చేతిలోకి తీసుకొన్నారన్నమాట.

సంకల్పం ఉన్నా దారి ఏది? వయసు ఇరవై నాలుగు దాటింది. బడి సర్టిఫికెట్టు లేదు. ఆ వయసు స్త్రీని ఏ హైస్కూల్లో, ఏ బెంచీ మీద కూర్చోబెడతారు? ఆ రోజుల్లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్షకు ఇంటి దగ్గర చదువుకొని కూర్చోవచ్చు. ఆమె ఆ దారి పట్టారు. కొద్ది కాలంలోనే మెట్రిక్ పాసయ్యారు. తర్వాత బెనారస్‌లోనే ఇంటర్మీడియెట్ చదివారు. ఆ ప్రైవేటు మెట్రిక్ అనే చిన్న కిటికీ లేకపోతే తర్వాతి దుర్గాబాయ్ లేరు. ఒక విశ్వవిద్యాలయం ఎక్కడో దూరాన పెట్టిన ఒక నిబంధన గోదావరి ఒడ్డున ఒక స్త్రీ జీవితాన్ని ఎటు తిప్పిందో చూడండి. మన రాష్ట్రంలో ఆ కిటికీ తలుపంత కావడానికి 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపించేదాకా ఆగవలసి వచ్చింది. దేశంలో అదే మొట్టమొదటిది. తర్వాత దానికి డాక్టర్ అంబేద్కర్ గారి పేరు పెట్టారు. చదువు మధ్యలో ఆగినవారు అర్హత పరీక్ష వ్రాసి నేరుగా డిగ్రీలో చేరవచ్చునని తెలిసి మన శాఖల్లోనే ఎందరు గుమాస్తాలు, ఎందరు అటెండర్లు ఆ పరీక్ష వ్రాశారో ఈ సంచిక చదివే మిత్రులకు తెలుసు.

ఇప్పుడు చెప్పబోయేది ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. రాజనీతిశాస్త్రం చదవాలని ఆమె కోరిక. బెనారస్‌లో స్త్రీలకు ఆ అవకాశం దొరకలేదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ ఆ శాస్త్రం ఉంది. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. వారు స్త్రీ విద్యకు వ్యతిరేకులు కారు, ఉదార హృదయులు. అయినా చేర్చుకోవడానికి వెనకాడారు. కారణం ఒక్కటే, ఆడపిల్లలకు హాస్టలు లేదు. హాస్టలు ఎందుకు లేదంటే చేరే ఆడపిల్లలు లేరు. ఆడపిల్లలు ఎందుకు లేరంటే హాస్టలు లేదు. ఈ చక్రం ఎన్ని ఊళ్లలో, ఎన్ని శాఖల్లో చూడలేదు మనం! బస్సు వేస్తే ఎక్కేవాళ్లు ఉండాలి కదా అని డిపో వారు, బస్సు లేనిదే ఎలా పోతామని ఊరివారు. కోర్సు పెడితే చేరేవాళ్లు ఏరని పైవారు, కోర్సు లేనిదే ఎక్కడ చేరాలని పిల్లలు.

దుర్గాబాయమ్మ గారు వాదనకు దిగలేదు. వార్తాపత్రికలో ఒక ప్రకటన వేయించారు. హాస్టలు లేనందువల్లనే వాల్తేరులో చేరలేకపోతున్న అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు వ్రాయమన్నారు. కొందరు వ్రాశారు. అందరూ కలిసి ఒక వసతి చూసుకొని తామే హాస్టలు పెట్టుకొన్నారు. అప్పుడు వెళ్లి మళ్లీ అడిగారు. రెడ్డి గారు చేర్చుకొన్నారు. అలా చేరి 1939లో పట్టా పుచ్చుకొన్నారు.

పనిచేసిన పద్ధతి గమనించండి. చదువుకోవాలన్న కోరిక ఆడపిల్లల్లో లేదని ఆమె అనుకోలేదు. కోరిక ఉంది, కానీ ఎవరి ఇంట్లో వారు ఒంటరిగా ఉన్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అడ్డు ఏమిటో ఒక్కటి తేల్చుకొని దాన్నే తొలగించారు. ఆ ఒక్కటి పుస్తకం కాదు, పంతులు కాదు, జీతం కూడా కాదు. రాత్రి తలదాచుకొనే చోటు.

ఏన్కూరు తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో ఉంది. ఖమ్మం నలభై యాభై కిలోమీటర్ల దూరం. నేను పనిచేసిన కాలంలో డిగ్రీ చదవాలంటే ఖమ్మమో కొత్తగూడెమో పోవాలి. మెయిన్ రోడ్డు మీద ఉన్న ఊరి పిల్లకు బస్సు పాసు చాలు. రోడ్డు దిగి నాలుగు మైళ్లు లోపల ఉన్న తండా పిల్ల ఉదయం బస్సు అందుకోవాలంటే చీకటితో బయలుదేరాలి, తిరిగి వచ్చేసరికి మళ్లీ చీకటి పడుతుంది. ఆ రెండు చీకట్లకు భయపడి మానిపించిన తండ్రిని అశ్రద్ధ చేశాడని ఎలా అంటాం? ఫలితాలు రాగానే తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న కాలేజీలో సీటు దొరుకుతుందా అని కాదు, హాస్టల్లో సీటు దొరుకుతుందా అని. హాస్టల్లో దొరికితే కాలేజీ ఏదైనా సరే. అది దొరకకపోతే ఎంత మంచి మార్కులు వచ్చినా పిల్ల ఆ సంక్రాంతికల్లా పెళ్లికూతురే. వాల్తేరులో 1930ల నాటి ముచ్చట ఇది అని ఎవరైనా అంటే నాకు నవ్వు వచ్చేది.

మరొక అడ్డు మన నేలకు సంబంధించింది. ఇక్కడ పత్తి, మిరప పండుతాయి. పత్తి ఏరడం చలికాలంలో, మిరపకాయ కోతలు మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. కాయ కోసే కూలి ఆడవాళ్లకు ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లజూసే రోజులవే. తల్లి చేనికి పోతే చంటివాణ్ణి ఎత్తుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఉండాలి, లేదా తల్లితో పాటు తానూ కోతకు పోవాలి. పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు పెట్టేదీ సరిగ్గా అప్పుడే. ఇది దుర్గాబాయమ్మ గారి కథలో లేదు, కానీ ఈ ప్రాంతంలో ఆడపిల్లల చదువు గురించి వ్రాస్తూ మిరప కల్లం పేరెత్తకపోతే ఇక్కడివారు ఒప్పుకోరు.

తిరిగి అసలు కథకు వస్తాను. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని వకీలుగా నమోదయ్యారు. అంతకుముందే మైలాపూరులో చిన్న పిల్లలను చేరదీసి ఆటపాటలతో ఒక బృందం నడిపారు. దానితోపాటు, బడి వయసు దాటిన అమ్మాయిలకు తాను వ్రాసిన ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే పాఠాలు చెప్పించడం మొదలుపెట్టారు. తాను దూరిన కిటికీని తనవెనుక మూయలేదు. ఆ తరగతుల నుంచి పెరిగినదే 1937లో ఏర్పడిన ఆంధ్ర మహిళా సభ. వచ్చినవారిలో వితంతువులు, భర్త వదిలేసినవారు, చిన్నప్పుడే పెళ్లయి చదువు ఆగినవారు ఉండేవారు. వారికి అక్షరం ఒక్కటే చాలదని ఆమెకు త్వరలోనే తెలిసింది. అందుకే మెట్రిక్ తరగతులతో పాటు కుట్టుపని, చేతిపనులు, తర్వాత తర్వాత నర్సింగు శిక్షణ వచ్చాయి. చదువు, వృత్తి, వసతి మూడూ ఒకే ప్రాంగణంలో ఉండాలన్నది ఆమె పట్టుదల. సభకు సొంత పత్రిక, ఆస్పత్రి కూడా ఏర్పడ్డాయి.

1946లో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. అక్కడ ఆమె చేసిన పని వేరే వ్యాసానికి సరిపోతుంది. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. అదే ఏడు ప్రణాళికా సంఘంలోకి తీసుకొన్నారు. 1953 జనవరిలో అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి తొలి అధ్యక్షురాలయ్యారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అది ఉద్యోగం చేసినవారికి బాగా అర్థమవుతుంది. మండలి పల్లెల్లో సంక్షేమ విస్తరణ పథకాలు పెట్టింది. పాతిక గ్రామాల వరకు ఒక పథకం కిందికి వస్తాయి. ప్రతి పథకానికీ గ్రామసేవికలు కావాలి, మంత్రసానులు కావాలి, చేతిపనులు నేర్పేవారు కావాలి, పసిపిల్లల బడులకు పంతులమ్మలు కావాలి. డబ్బు ఉంది, పోస్టులు ఉన్నాయి, మనుషులు లేరు. 1951 జనాభా లెక్కల్లో దేశంలోని ఆడవారిలో అక్షరాస్యులు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. పోస్టుకు కావలసిన కనీస చదువు ఉన్న స్త్రీ పల్లెలో దొరకదు. పట్నంలో దొరికిన స్త్రీ పల్లెకు రాదు. వచ్చినా నిలవదు.

మరొకరైతే అర్హులు దొరకలేదని ఫైలు మీద వ్రాసి పోస్టులు రద్దు చేసి ఉండేవారు. ఈమె ఎదురు దిశలో ఆలోచించారు. పల్లెల్లోనే ఉండే స్త్రీలలో నాలుగైదు తరగతులు చదివి ఆపేసినవారు చాలామంది ఉన్నారు. భర్త పోయినవారు, పిల్లలను సాకవలసినవారు వారిలో ఎక్కువ. వారిని మళ్లీ ఆరో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టలేం. అయిదారేళ్ల చదువును రెండేళ్లకు కుదించి, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటిచ్చి చెప్పించి, మిడిల్ లేదా మెట్రిక్ పరీక్షకు పంపితే ఆ తర్వాత వృత్తి శిక్షణకు అర్హులవుతారు. 1958లో మొదలైన కండెన్స్‌డ్ కోర్సులు ఇవే. తాను ఇంట్లో కూర్చొని ఒంటరిగా చేసినదాన్ని దేశం మొత్తానికి ఒక పథకంగా మలిచారు. కోర్సు చివర ఒక ఉద్యోగం కనిపిస్తుంది గనుక అత్తమామలు కూడా పంపారు. ఉత్త అక్షరాస్యత అంటే ఎవరు పంపుతారు, పొలం పని వదిలిపెట్టి?

ఆ రెండేళ్ల చదువు అందరికీ సాధ్యపడేదని నేను అనను. పిల్లల తల్లికి రెండేళ్లలో అంత లెక్కలు, ఇంగ్లీషు మింగడం కష్టమే. సంస్థ నడిపేవారిలో పట్టుదల ఉన్నచోట బాగా సాగడం, లేనిచోట గ్రాంటు లెక్కలతోనే సరిపోవడం ఇటువంటి పథకాలన్నిటికీ ఉన్న జబ్బే. అయినా దాని అవసరం ఎంతటిదో మన సంఘం సభ్యులకు వేరే చెప్పాలా? సర్వీసులో ఉండగా ఉద్యోగి కాలం చేస్తే ఆ ఇంటి ఇల్లాలికి కారుణ్య నియామకం ఇస్తారు. ఇంట్లో అయిదో తరగతితో ఆపేసిన ఇల్లాలు ఉంటే ఆఖరి తరగతి పోస్టే గతి. అదే మరికొంచెం చదువు ఉండి ఉంటే గుమాస్తా బల్ల దగ్గర కూర్చునేది. భర్త పనిచేసిన ఆఫీసులోనే, భర్త తోటివారికి మంచినీళ్లు అందించవలసి వచ్చిన ఆడపడుచులను నేను చూశాను. మీరూ చూసే ఉంటారు. పని ఏదైనా గౌరవమైనదే, కానీ ఆమె ఎదుట ఇంకొక దారి ఉండవలసింది. ఆ దారి కోసమే కండెన్స్‌డ్ కోర్సులు పుట్టాయి.

1958లోనే భారత ప్రభుత్వం స్త్రీ విద్యపై జాతీయ సంఘాన్ని వేసి ఆమెను అధ్యక్షురాలిని చేసింది. 1959లో నివేదిక వచ్చింది. మగపిల్లల చదువుకూ ఆడపిల్లల చదువుకూ మధ్య ఉన్న ఎడాన్ని ప్రత్యేక సమస్యగా చూసి, దానికి వేరే నిధులు, వేరే యంత్రాంగం ఉండాలన్నది అందులో ముఖ్యం. జాతీయ స్త్రీ విద్యా మండలి ఏర్పడింది, దానికీ ఆమెనే అధ్యక్షురాలిని చేశారు. ఆ నివేదికలోని సిఫారసులు చదివితే పల్లె బడి గుమ్మంలో నిలబడి చూసినవారు వ్రాసినట్టు ఉంటాయి. మగ ఉపాధ్యాయులే ఉన్న బడికి ఆడపిల్లను పంపడానికి తల్లి జంకుతుంది కాబట్టి స్కూలు తల్లి అని ఒక పెద్దామెను నియమించాలన్నారు. ఉపాధ్యాయినులకు పల్లెలో ఇళ్లు కట్టించాలన్నారు.

ఈ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అడవి అంచు ఊరికి బదిలీ అయిన పెళ్లికాని పంతులమ్మకు అద్దెకు ఇల్లు ఎవరిస్తారు? ఇచ్చినా తోడెవరు? మొదటి ఏడాది మా అమ్మగారు తన ఊరు వదిలి వచ్చి నాతో ఉన్నారు గనుక నేను నిలదొక్కుకొన్నాను. అలా వచ్చే తల్లి లేనివారు సెలవు మీద సెలవు పెట్టి, చివరికి బదిలీ చేయించుకొని వెళ్లిపోయారు. వారు వెళ్లిపోయిన బడిలో పెద్ద తరగతుల ఆడపిల్లలు తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను. ఇది అంకెల్లో పట్టుబడదు. పంతులమ్మకు గది లేకపోవడానికీ, నాలుగేళ్ల తర్వాత కాలేజీలో ఆ ఊరి ఆడపిల్ల లేకపోవడానికీ ముడి ఉందని ఏ పట్టికలో వ్రాస్తారు?

ఒక విషయంలో మాత్రం ఆ కాలపు ఆలోచనతో నాకు పూర్తి ఏకీభావం లేదు. ఆడవారికి వృత్తి విద్య అనగానే కుట్టు, అల్లిక, బొమ్మల తయారీ అనే ధోరణి అప్పట్లో పాతుకుపోయింది. దుర్గాబాయమ్మ గారి సంస్థలూ మొదట్లో ఆ దారినే నడిచాయి. అప్పుడు బయట దొరికే పని అదే గనుక వారిని తప్పుపట్టలేం. జాతీయ స్త్రీ విద్యా మండలే హంసా మెహతా గారి అధ్యక్షతన మరొక సంఘం వేసింది. ఆడపిల్లలకు వేరే పాఠ్యప్రణాళిక అక్కరలేదని ఆ సంఘం తేల్చింది. అయినా ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మన తండాల్లో ఏ పథకం వచ్చినా ముందు దిగేది కుట్టుమిషనే. ఒక గూడెంలో ఎంతమంది రవికలు కుట్టి బతకగలరు? అదే నర్సింగు చదువు సంగతి వేరు. ఇంటర్మీడియెట్ వృత్తి విద్యలో ఆరోగ్య కార్యకర్త కోర్సు చదివి ఉపకేంద్రంలో చేరిన ఒక అమ్మాయిని చూసి ఆ తండాలో తర్వాతి ఏడు నలుగురు తల్లులు దరఖాస్తు ఫారం తెమ్మని నన్ను అడిగారు. ఒక్క జీతం తెచ్చే పిల్ల కనబడితే చాలు, మేం ఇళ్లిళ్లూ తిరిగి చెప్పిన మాటలన్నిటికంటే అదే పనిచేసింది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం మన వైపు వచ్చినప్పుడు కూడా అంగన్‌వాడీ పోస్టు ఉందని తెలిశాక, పదో తరగతి తప్పిన కోడళ్లను అత్తగార్లే మళ్లీ పరీక్ష ఫీజు కట్టించి పంపిన ఇళ్లున్నాయి.

దేశ్‌ముఖ్ గారు 1956లో మంత్రి పదవి వదిలి విశ్వవిద్యాలయ నిధుల సంఘం అధ్యక్షులయ్యారు. ఒక ఇంట్లో భర్త విశ్వవిద్యాలయాల సంగతి, భార్య బడి దాకా రాలేని ఆడవారి సంగతి చూశారు. ఢిల్లీలో తెలుగువారి శ్రీ వెంకటేశ్వర కళాశాల 1961లో ఏర్పడడంలో దుర్గాబాయమ్మ గారి కృషి ఉంది. సామాజిక పరిశోధనకు 1962లో సోషల్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ స్థాపించారు. తర్వాత దంపతులు హైదరాబాదు చేరారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం దాపున ఆంధ్ర మహిళా సభ కళాశాలలు, ఆస్పత్రి పెరిగాయి. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. చింతామణ్ అండ్ ఐ అనే పేరుతో ఇంగ్లీషులో తమ జీవితం వ్రాసుకొన్నారు. 1981 మే 9న కన్నుమూశారు. మరుసటి ఏడు అక్టోబరు 2న దేశ్‌ముఖ్ గారూ వెళ్లిపోయారు.

ఒక సంగతి వెనుక వ్రాయవలసింది, ఇక్కడికి దాచి ఉంచాను. మొదటి భర్త సుబ్బారావు గారు ఆమె మాట మన్నించి మరొకరిని పెళ్లి చేసుకొన్నారని చెప్పాను కదా. ఆయన పోయిన తర్వాత ఆ రెండవ భార్య దిక్కులేనిదయింది. చదువు లేదు, ఆధారం లేదు. లోకం దృష్టిలో ఆ ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన అగత్యం లేదు. దుర్గాబాయమ్మ గారు ఆమెను తన దగ్గరికి పిలిపించుకొని, ఉండే చోటు చూపి, చేతిపనుల్లో శిక్షణ ఇప్పించారు. శిక్షణ పూర్తయ్యాక ఆమె హైదరాబాదులో చేతిపనుల శిక్షణ సంస్థలో ఉపాధ్యాయినిగా చేరి, తన జీతం తాను తెచ్చుకొన్నది.